పాట ఎవరిది, పంట ఎవరిది? — వీడియో వేదికలపై గాయకుల సంపాదన

(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చేయబడిన ప్రసంగ పాఠము)



పాటకు వెల కట్టుట మన దేశమున ఎల్లప్పుడును చిక్కైన పనియే. ధనుర్మాసమున హరిదాసు వాకిట నిలిచి పాడినప్పుడు అక్షయపాత్రలో పడిన గుప్పెడు బియ్యము పాటకు వెలయా, భక్తికి కానుకయా అని ఎవరును అడుగలేదు. బుర్రకథ దళము ఊరికి వచ్చినచో ఊరంతయు కలిసి చందా వేసికొని సంభావన ముట్టజెప్పెడిది. ఆస్థాన విద్వాంసులకు మాన్యములు, జమీందారుల లోగిళ్ళలో శాలువలు, వార్షికములు లభించెడివి. ఈ పద్ధతులన్నిటికిని ఒక సామాన్య లక్షణము కలదు. పాడువాడును వినువాడును ఎదురెదురుగా నుండవలెను. పాట ముగియుటతోనే లెక్కయు ముగిసెడిది.

యంత్రము వచ్చి ఈ పద్ధతిని మార్చినది. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ కంఠము గ్రామఫోను పలకపై ముద్రితమైనది. నాటినుండి పాట తనను పాడినవారిని విడిచి ఒంటరిగా ప్రయాణము చేయ నేర్చినది. తరువాత రేడియో వచ్చినది. 1948 డిసెంబరులో విజయవాడ కేంద్రము ప్రారంభమైన పిమ్మట ఆంధ్రదేశపు విద్వాంసులెందరో కచేరీకింత అని రుసుము పొందిరి. సినిమా గాయకులు పాటకింత అని పుచ్చుకొనిరి. వినువారు వేయిమందియైనను లక్షమందియైనను గాయకునకు ముట్టునది సాధారణముగా మొదట కుదిరిన మొత్తమే.

ఇంటర్నెట్టుపై నడచు వీడియో వేదికలతో ఈ లెక్క మరల మారినది. వానిలో పెద్దది యూట్యూబు. ఇది 2005లో అమెరికాలో పుట్టినది. మరుసటి యేటనే గూగుల్ సంస్థ దీనిని 165 కోట్ల డాలర్ల విలువకు కొన్నది. 2007లో వీడియోలు పెట్టువారికి ప్రకటనల రాబడిలో పాలు పంచు పథకము ప్రారంభమైనది. నేడు చేతిఫోను గల ఏ పల్లె గాయకుడైనను తన పాటను లోకమునకు వినిపింపగలడు. మధ్యవర్తి అనుమతి అక్కరలేదు, పట్నము పోనక్కరలేదు. తలుపు తెరచియే యున్నది. కాని తలుపు తెరచియుండుట వేరు, లోపల విస్తళ్ళు వేసియుండుట వేరు. అచ్చట భోజనము ఎట్లు వడ్డింపబడునో, ఎవరి విస్తరిలో ఎంత పడునో తెలిసికొనుటయే ఈ ప్రసంగమునకు విషయము.

పాట పెట్టినంతనే పైకము రాదు. ప్రకటనలలో పాలు కోరు చానెలునకు మొదట వేయిమంది చందాదారులు కావలెను. అదిగాక, గడచిన 12 నెలలలో జనులు ఆ చానెలులోని వీడియోలను 4,000 గంటల సేపు చూచి యుండవలెను; లేనిచో 90 దినములలో పొట్టి వీడియోలకు ఒక కోటి చూపులు రావలెను. నాలుగు నిమిషముల పాటను తుదివరకు పదునైదు మారులు విన్నచో ఒక గంట యగును. ఆ లెక్కన 4,000 గంటలకు 60,000 మారులు పూర్తిగా వినవలెను. సగములో లేచిపోయినవాని వినికిడి సగముగనే లెక్కకు వచ్చును.

ఇచ్చట ‘చందాదారు’ అను మాట గ్రంథాలయ చందాదారులను భ్రమపెట్టవచ్చును. గ్రంథాలయ చందాదారుడు చందా చెల్లించి పుస్తకము తీసికొనును. యూట్యూబు చందాదారుడు కానియైనను చెల్లింపడు. క్రొత్త పాట వచ్చినచో తెలియజేయుమని పేరు వ్రాయించుకొనువాడు మాత్రమే. కావున ఒక గాయనికి లక్షమంది చందాదారులున్నారని విన్నంతనే ఆమె యింట లక్షలు కురియుచున్నవని తలచుట పొరపాటు.

అర్హత లభించిన పిమ్మట పంపకము ఇట్లుండును. సామాన్య వీడియోలపై వచ్చు ప్రకటనల రాబడిలో నూటికి 55 వంతులు చానెలునకు, 45 వంతులు వేదికకు చెందును. ‘షార్ట్స్’ అను పొట్టి వీడియోల పంపకము కళ్ళములో ధాన్యము పంచుకొనుటను తలపించును. ప్రకటనల సొమ్మంతయు ఒక రాశిగా పోయబడి, చూపుల సంఖ్యను బట్టి భాగములు వేయబడును. వీడియోలో ఇతరుల పాట ఒకటి వాడబడినచో ఆ భాగములో సగము పాట హక్కుల నిమిత్తము ప్రక్కకు తీయబడును. మిగిలిన సగము వీడియోలు చేయువారి రాశిలో చేరును. అందు తమ వంతునకు వచ్చినదానిలో 45 శాతము వారు పొందుదురు.

చూపునకు ఇంత అని నిలుకడ ధర లేదు. అసలు ప్రకటన చూపబడినదా లేదా, చూచినవాడు ఏ దేశమువాడు, అది పండుగ బేరముల కాలమా కాదా అనువానిని బట్టి ధర మారును. అమెరికాలో చూపబడు ప్రకటనకు మన దేశపు ప్రకటన కంటె సాధారణముగా వెల హెచ్చు. డాలసులోనో న్యూజెర్సీలోనో నివసించు తెలుగు కుటుంబము ఒక జానపద గీతమును విన్నచో, అదే గీతమును వరంగల్లులో విన్నదాని కంటె ఎక్కువ రాబడి కలుగవచ్చును. కాని అమెరికా చూపరుల వలన వచ్చు రాబడిపై ఆ దేశపు పన్ను కోయబడును. ఉభయదేశముల ఒప్పందమును చూపి పన్ను పత్రము నింపిన భారతీయునకు ఆ కోత 15 శాతము. పత్రము నింపనివానికి లోకమంతటి రాబడిపై 24 శాతము వరకు కోత పడవచ్చును. ఒక కాగితము నింపకపోవుట వలన ఇంత నష్టము! మరియు ఖాతాలో 100 డాలర్లు నిండువరకు సొమ్ము చేతికి రాదు.

ప్రకటనలు గాక మరియొక మార్గము కలదు. బుర్రకథ నడుచుచుండగా ఊరి పెద్దలు దళమునకు రూపాయలు చదివించుట, కథకుడు వారి పేర్లు చెప్పి దీవించుట పెద్దలెరుగుదురు. ప్రత్యక్ష ప్రసార సమయమున శ్రోతలు సొమ్ము పంపి తమ పేరును తెరపై చూచుకొను ‘సూపర్ చాట్’ ఆ చదివింపులకు నేటి రూపము. నెలనెల రుసుము చెల్లించు సభ్యత్వములును ఉన్నవి. ఈ రెండింటియందును 70 శాతము చానెలునకు వచ్చును. వీనికి అర్హత కూడ సులభము: 500 మంది చందాదారులు, 90 దినములలో మూడు వీడియోలు, ఏడాదిలో 3,000 గంటల చూపు లేదా 90 దినములలో పొట్టి వీడియోలకు 30 లక్షల చూపులు చాలును.

ఈ మార్గముల బలాబలములు తెలియుటకు అమెరికా గాయకుల చరిత్ర యొకటి ఉపకరించును. కాలిఫోర్నియాలో జాక్ కాంటె, నటాలీ డాన్ అనువారు 2008 నుండి ‘పాంపలమూస్’ అను పేరున తమ పాటలను యూట్యూబులో నుంచి గొప్ప ప్రసిద్ధి గాంచిరి. కాంటె ‘పెడల్స్’ అను వీడియోను తీయుటకు మాసముల తరబడి శ్రమించి, చేతనున్న సొమ్మును ఊడ్చి పెట్టెను. ప్రకటనల వలన రాగల సొమ్ము ఆ శ్రమకు ఏ మూలకును చాలదని ఆయనకు తోచెను. అందుపై 2013లో మరియొకరితో కలిసి ‘పేట్రియాన్’ అను సంస్థను స్థాపించెను. అందు కళాకారుని అభిమానులు నెలకింత అని తమ ఇష్టము మేరకు సూటిగా చెల్లింతురు. మరుసటి యేడు పాంపలమూస్ బృందము 28 దినములు పర్యటించి 24 కచేరీలు చేసెను. రాబడి 1,35,983 డాలర్లు. వ్యయము 1,47,802 డాలర్లు. నష్టము 11,819 డాలర్లు. ఈ లెక్కను కాంటె దాచక లోకమునకు ప్రకటించెను. కిక్కిరిసిన సభలలో పాడియు వారు నష్టపడిరి. ఇంట కూర్చుండి చేసిన పాటలును, సూటిగా చెల్లించు అభిమానులును వారిని నిలిపిరి. నెలకు నూరు రూపాయలిచ్చు వేయిమంది శ్రోతలున్నచో లక్ష రూపాయలగును. ఒక్కమారు చూచి మరచిపోవు లక్షలమంది వలన అంత రాబడి కలుగునను నిశ్చయము లేదు.

2020లో కరోనా వలన సభలు మూతపడినప్పుడు కర్ణాటక సంగీత విద్వాంసులును ఇట్టి మార్గమునే త్రొక్కిరి. ఆ డిసెంబరులో చెన్నపట్టణపు సభల సమాఖ్య ‘యువర్స్ ట్రూలీ మార్గళి’ అను పేరున టిక్కెట్టుపై ఇంటర్నెట్టు కచేరీలు నడిపినది. విదేశములలోని పిల్లలకు తెరపై పాఠము చెప్పి జీవించు గురువులు నేడు అనేకులు. వారి ఉచిత వీడియో అంగడి ముందరి పలక వంటిది. అది బేరమును పిలుచును. రాబడి అంగడి లోపల జరుగును.

ఇంతవరకు చెప్పినది చానెలు యజమానికి వచ్చు సొమ్మును గూర్చి. గాయకుడు చానెలు యజమాని కానప్పుడు ఏమగును? అసలు చిక్కు ఇచ్చటనే యున్నది.

యూట్యూబు 2021 జూలై మొదలు 2022 జూన్ వరకు గల ఒక్క సంవత్సరములో సంగీత రంగమునకు 600 కోట్ల డాలర్లకు పైగా చెల్లించినట్లు ప్రకటించినది. సొమ్ము లేదనుట సరికాదు. కాని ‘సంగీత రంగము’ అనగా గాయకుడని కాదు. హక్కుదారు అని అర్థము. వ్యవసాయమునందు పట్టాదారు, కౌలుదారు, కూలివాడు అని మూడు స్థితులున్నట్లు పాటయందును ఉన్నవి. తన ఖర్చుతో పాట చేయించి హక్కులు తనయొద్ద నుంచుకొన్నవాడు పట్టాదారు. సంస్థతో పాలు కుదుర్చుకొన్నవాడు కౌలుదారు. ఒక దినము స్టూడియోకు పోయి పాడి, ఇచ్చినది పుచ్చుకొని, చదువకయే సంతకము చేసి వచ్చినవాడు కూలివాడు. పంట పుట్లు పండినను కూలివాని కూలి పెరుగదు.

ఒక్క పాటలో హక్కులు ఒకటి కావు. సాహిత్యము ఒకటి, స్వరరచన ఒకటి, ధ్వనిముద్రణ ఒకటి. తులసీదాసు రచించిన హనుమాన్ చాలీసా ఎవరి సొత్తును కాదు, ఎవరైనను పాడుకొనవచ్చును. కాని హరిహరన్ పాడగా టీ-సిరీస్ సంస్థ ప్రకటించిన ముద్రణ ఆ సంస్థ సొత్తు. 2011లో యూట్యూబులో ఉంచబడిన ఆ వీడియో 300 కోట్ల చూపులను దాటినది. త్యాగరాజస్వామి 1847లో సిద్ధిపొందిరి. వారి కృతులు అందరివి. అయినను ఒక విదుషీమణి పాడిన కృతి పలకపై సంస్థకు హక్కు కలదు. భారత చట్టము ప్రకారము రచయిత మరణానంతరము 60 సంవత్సరముల వరకు రచనపై హక్కు నిలుచును. ధ్వనిముద్రణపై హక్కు అది వెలువడిన పిమ్మట 60 సంవత్సరములుండును.

ఈ హక్కును కాపు కాయుటకు యూట్యూబు 2007లో ‘కంటెంట్ ఐడి’ అను యంత్రమును నెలకొల్పినది. హక్కుదారు తన ముద్రణను దానికి అప్పగించినచో, అది లోకమున ఎవ్వరి వీడియోలో ఆ ధ్వని వినబడినను పసికట్టును. అప్పుడు హక్కుదారు ఆ వీడియోను ఆపివేయవచ్చును, లెక్క చూచుకొనవచ్చును, లేదా దానిపై వచ్చు ప్రకటనల సొమ్మును తానే తీసికొనవచ్చును. 2021లో మోహన భోగరాజు పాడిన ‘బుల్లెట్టు బండి’ పాటకు ఒక పెండ్లికూతురు ఆడిన నృత్యము ఊరూర ప్రాకినది. పిదప ఎన్ని పెండ్లి పందిళ్ళలో ఆ పాట మ్రోగినదో లెక్కలేదు. అట్టి పెండ్లి వీడియోలు యూట్యూబునకు ఎక్కినప్పుడు పాట హక్కుదారునకు పాలు కలుగుటకు ఈ యంత్రము వీలు కల్పించును. పొరుగువాని చేనిలో మొలచిన మొక్కకైనను విత్తనము వేసినవాడు ఫలము అడుగగలుగుట ఈ వేదికలు తెచ్చిన క్రొత్త వింత.

యంత్రమునకు చెవి కలదు గాని వివేకము లేదు. ఒక విద్యార్థిని తన గొంతుతో పాడిన కీర్తనను ఏదో సంస్థ ముద్రణగా పొరబడుట కలదు. అప్పుడు రాబడి ఆ సంస్థ వైపు మళ్ళుటయు కలదు. అట్టిచో ఊరకుండరాదు. అభ్యంతరము తెలుపుటకు వేదికయందే పత్రము కలదు. కాని ఇతరుల పలకను వెనుక మ్రోగించి తనదని వాదించుట తప్పు. అట్టి తప్పు 90 దినములలో మూడుమారులు రుజువైనచో చానెలే మూతపడవచ్చును.

చట్టమునందు కళాకారునకు రక్షణ లేకపోలేదు. 1957 నాటి కాపీరైటు చట్టము 2012లో సవరింపబడినది. జావేద్ అఖ్తర్ రాజ్యసభయందు దీనికై పాటుపడిరి. సినిమాతో కూడ థియేటరులో వినిపించుట తప్ప, పాటను ఇతరత్ర వాడినప్పుడెల్ల గేయరచయితకును స్వరకర్తకును రాయల్టీలో సమాన భాగము రావలెనని ఆ సవరణ శాసించినది. ఈ హక్కును సంస్థకు ధారపోయుచున్నట్లు వ్రాయించుకొన్న ఒడంబడిక చెల్లదు. వీరి పక్షమున రాయల్టీ వసూలు చేయుటకు 1969లో ఏర్పడిన ఐపీఆర్ఎస్ అను సంఘము కలదు. గాయకుల పక్షమున 2013లో ఇస్రా అను పేరున నమోదైన సంఘము కలదు. సభ్యుడుగా చేరని రచయిత యింటికి రాయల్టీ వెదకికొని రాదు. రచయిత, స్వరకర్త, గాయకుడు అను మువ్వురి హక్కులు వేరువేరని 2017లో జనులకు తెలిసివచ్చినది. ఆ యేడు ఇళయరాజా తన స్వరరచనలను అనుమతి లేక కచేరీలలో పాడరాదని ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యమునకు నోటీసు పంపిరి. ఆ పాటలకు ప్రాణము పోసిన గాయకుడే ఆ విదేశ పర్యటనలో వానిని పాడుట మానిరి.

గ్రామములకు మిక్కిలి సంబంధించినది జానపద గీతముల విషయము. వీనికి రచయిత పేరు లేదు. నాట్లు వేయుచు, తిరుగలి త్రిప్పుచు, బతుకమ్మ ఆడుచు తరతరములుగా స్త్రీలు కట్టిన పాటలివి. 2021లో ‘లవ్ స్టోరీ’ చిత్రమున మంగ్లీ పాడిన ‘సారంగ దరియా’ తెలంగాణ జానపదము నుండి పెరిగినది. పాట వెలువడినంతనే, దానిని మొదట వెలుగులోనికి తెచ్చినవారికి దక్కవలసినదేమి అను వివాదము చెలరేగినది. పల్లవి ఊరిదైనను దానిని పాడి, ముద్రించినవారికే ఆ ముద్రణపై చట్టము హక్కునిచ్చును. నోట మాత్రమే నిలిచిన పాటకు అట్టి హక్కు లేదు. 

పేరు వేరు, భుక్తి వేరు అనుటకు దర్శనం మొగులయ్య జీవితము సాక్షి. నాగర్‌కర్నూలు ప్రాంతమునకు చెందిన ఈ పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడు 2021లో ‘భీమ్లా నాయక్’ చిత్రపు పాటలో పాడి దేశమంతట వినబడిరి. 2022లో పద్మశ్రీ బిరుదము పొందిరి. 2024లో ఆయన హైదరాబాదు సమీపమున ఒక కట్టడము వద్ద కూలిపని చేయుచున్న దృశ్యము పత్రికలకెక్కినది. పాట పొందు చూపులతో పాటు పాడినవాని కంచము నిండునను ఏర్పాటు ఎచ్చటను లేదు. ఆ ఏర్పాటును ఒడంబడిక మూలమున చేసికొనవలసినదే.

కావున పాడువారు గమనింపవలసినవి కొన్ని కలవు. సంతకమునకు ముందు ఒడంబడికను ఆమూలాగ్రము చదువవలెను, లేదా చదివించుకొనవలెను. ‘సర్వహక్కులు, శాశ్వతముగా, సర్వమాధ్యమములందు’ అను మాటలున్నచో పొలము క్రయము చేయుచున్నామని తెలిసికొనవలెను. అమ్మక తప్పనిచో కొన్ని యేండ్లకే ఇచ్చుట, రాబడిలో పాలు కోరుట, లెక్క చూపవలెనని వ్రాయించుకొనుట మేలు. తన చానెలు తాళము తనయొద్దనే యుండవలెను. తెలిసిన కుర్రవాని పేర చానెలు తెరపించి పిదప వగచువారు కలరు. ప్రతి ముద్రణకును ఐఎస్ఆర్‌సి అను 12 అక్షరాంకెల గుర్తు పొందవలెను. అది పాటకు సర్వే నెంబరు వంటిది. రచయిత, స్వరకర్త, గాయకుడు, వాద్యగాండ్రు వీరి పేర్లు వీడియో క్రింద తప్పక వ్రాయవలెను.

గ్రంథాలయములు ఈ విషయమున చేయదగిన సేవ గొప్పది. కాపీరైటు చట్టపు తెలుగు వివరణమును, మంచి ఒడంబడిక నమూనాను బల్లపై నుంచవచ్చును. చదువు రాని కళాకారునకు కాగితము చదివి వినిపింపవచ్చును. ఊరి ముసలమ్మల పాటలను వారి అనుమతితో ముద్రించి, పాడినవారి పేరు, ఊరు, తేది ఒక పుస్తకమున నమోదు చేయవచ్చును. రేపు ఆ పాట లోకమంతట మ్రోగినప్పుడు ఆ నమోదు చట్టము ముందు హక్కు పత్రము కాకపోయినను సాక్ష్యమగును. ఇరువదియైదు సంవత్సరములుగా పుస్తకమును ఎవరు తీసికొనిరో, ఎన్నడు తిరిగి ఇచ్చిరో తప్పక వ్రాయుచు వచ్చిన చేతులకు ఈ పని కొత్త కాదు. ఊరి నోటిలోని పాటకు కూడ ఆ చిట్టాలో ఒక పుట తెరచినచో, ఈ రజతోత్సవము రాబోవు గాయకులకు మేలు చేసినదగును.